చిన్న విక్రేతయు యోగ్యతాపత్రమును

క్రయవిక్రయములకు మూలధనము రొక్కము మాత్రమే కాదు. నమ్మకము అంతకంటె ముఖ్యమైన మూలధనము. మన సంతలలో ధాన్యము కొలుచు వర్తకుని యింటిపేరేమో, వాని తండ్రి యెట్టివాడో, వాని కుంచము సరియైనదో కాదో ఊరివారందరు నెరుగుదురు. కొలతలో మోసము చేసినవాని అంగడికి మరుసటి వారము జనము పోరు. ఈ యెరుక యుండుటచేతనే వ్రాతకోతలు లేకుండ పెద్ద పెద్ద బేరములు నోటిమాటపై నడచుచుండెను. ముఖమెరుగనివారు, దేశాంతరముల నుండువారు, ఇంటర్నెట్టు ద్వారా ఒకరి సరుకు నొకరు వేలము పాడి కొనునట్టి యీ కాలమున ఆ యెరుకకు బదులుగ నేర్పడినది అభిప్రాయముల పట్టిక. సరుకు కొన్నవాడు అమ్మినవానిని గూర్చి నాలుగు మాటలు వ్రాసి, మంచిచెడ్డల నొక గుర్తుతో సూచించును. ఆ గుర్తులన్నియు కలిసి విక్రేత పేరుప్రక్కన యోగ్యతాపత్రమువలె నిలుచును. దీనినే ఫీడ్‌బ్యాకు అనుచున్నారు. ఈ పట్టికలో వ్రాయుటకు అధికార మెవరికి గలదు, వ్రాసినదానిని దిద్దువా రెవరు, తప్పువ్రాతకు బాధ్యు లెవరు అను ప్రశ్నలు పైకి చిల్లర విషయములుగ గన్పట్టును. వాస్తవమున చిన్న విక్రేత పరువును బేరమును వీనిమీదనే యాధారపడి యున్నవి.

చిన్న విక్రేత యనగా నెవరో ముందుగ నిర్ణయించుకొనుట మంచిది. వేలకొలది సరుకులను గిడ్డంగులలో నిలువజేసి, గుమాస్తాలను పెట్టుకొని వ్యాపారము సాగించు సంస్థలను గూర్చి మేమిచట ముచ్చటించుట లేదు. ఇంట మూలబడిన కెమేరానో, తాతనాటి తపాలాబిళ్లల సంపుటమునో, బిడ్డలు ఎదిగిన పిదప మిగిలిన సైకిలునో ఏడాదికి పది పండ్రెండు మారులు వేలమునకు పెట్టు సామాన్య గృహస్థును గూర్చియే మా విచారము. అట్టివానికి కొట్టు లేదు, గుమాస్తా లేడు, వకీలు లేడు. ఉన్నదెల్ల వాని పేరుప్రక్క నుండు చిన్న సంఖ్య యొక్కటియే.

ఈ పద్ధతి పుట్టుపూర్వోత్తరములను కొంచెము పరిశీలింతము. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాలిఫోర్నియాయందు పియెర్ ఒమిడ్యార్ అను యువకుడు 1995వ సంవత్సరము సెప్టెంబరు మాసమున 'ఆక్షన్ వెబ్' అను పేర వేలముపాటల బజారు నొకదానిని నెలకొల్పెను. అదియే 1997లో 'ఈబే' యైనది. అందు మొట్టమొదట అమ్ముడుపోయినది చెడిపోయిన లేజరు సూచిక. దాని వెల 14 డాలర్ల 83 సెంట్లు. చెడిపోయినదానిని చెడిపోయినదని చెప్పియే అమ్మవచ్చునను మాటమీద ఆ బజారునకు పునాది పడిన దనవచ్చును. 1996 ఫిబ్రవరిలో ఒమిడ్యార్ సభ్యులకు లేఖ వ్రాసి, జనులలో పెక్కుమంది నిజాయితీపరులేయను తన విశ్వాసమును వెల్లడించి, వారొకరినొకరు బహిరంగముగ మెచ్చుకొనుటకును తప్పెన్నుటకును ఫీడ్‌బ్యాకు వేదికను కల్పించెను. మంచికి కూడిక ఒకటి, చెడ్డకు తీసివేత ఒకటి, మధ్యస్థమునకు సున్న. కొన్నవాడు అమ్మినవానిని గూర్చియు, అమ్మినవాడు కొన్నవానిని గూర్చియు సమానముగ వ్రాయవచ్చును. పంచాయతీలో ఇరుపక్షములవారికిని మాటాడు హక్కున్నట్లే యిచటను ఉండెను.

కాని యీ సమానత్వములోనే యొక లోపము దాగియుండెను. అది ప్రతీకారము. కొన్నవాడు చెడ్డయని వ్రాసిన మరునాడే అమ్మినవాడును వానిపై చెడ్డయని వ్రాయజొచ్చెను. అందుచే మోసపోయిన వారు సైతము నోరు మూసికొనుటయే మేలని తలచిరి. పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ అను పండితులు 1999 నాటి లావాదేవీలను పరిశోధించి చూడగా, కొన్నవారు నూటికి 52 బేరములలో మాత్రమే అభిప్రాయము వ్రాసియుండిరి. వ్రాసినవానిలో నూటికి 99కి పైగ మంచివే. చెడ్డవి నూటికి ఒకటియైన లేవు. ఇంతటి ధర్మరాజ్యము భూలోకమున నెచ్చటనైన గలదా? అందరును యోగ్యులే యని పలుకు యోగ్యతాపత్రము ఎవరి యోగ్యతను దెలుపజాలదు. భయముచే పుట్టిన మెప్పును, మొగమాటముచే పుట్టిన మెప్పును అచట నిజమైన మెప్పుతో కలిసిపోయినవి.

ఈ రోగమునకు కంపెనీవారు చేసిన చికిత్స యెట్టిదో చూతము. 2007లో విక్రేతను నాలుగు విషయములలో అయిదు నక్షత్రముల లెక్కన కొలుచు పద్ధతిని పెట్టిరి. వస్తువు వర్ణనకు సరిపోయినదా, ఉత్తరప్రత్యుత్తరము లెట్లున్నవి, సరుకు పంపుటలో వేగమెంత, పంపుటకు పుచ్చుకొన్న ఖర్చు న్యాయమైనదా అనునవియే ఆ నాలుగును. అటుపై 2008 మే మాసమునుండి అమ్మకందారు కొనుగోలుదారునిపై చెడ్డ అభిప్రాయమునుగాని మధ్యస్థాభిప్రాయమునుగాని వ్రాయరాదని శాసించిరి. వ్రాసినచో మంచియే వ్రాయవలయును. లేకున్న మౌనము వహింపవలయును. ఈ సంగతి ఆ యేటి జనవరిలో వెల్లడియైనంతనే విక్రేతలలో కలవరము పుట్టెను. రుసుముల మార్పులును దానికి తోడు కాగా, ఫిబ్రవరి 18వ తేదీ మొదలు వారము దినములు పలువురు తమ సరుకులను వేలమునకు పెట్టక బహిష్కారము సలిపిరి. బహిష్కారమను ఆయుధము ఎట్టిదో మన పాఠకులకు క్రొత్తగ చెప్పనక్కరలేదు. దానికి పదును సంఘబలమువలన వచ్చును. ఒకరి ముఖము నొకరెరుగని చిల్లర విక్రేతలకు సంఘ మెక్కడిది? వారము గడచెను, నిబంధన నిలిచెను, నేటికిని నిలిచియున్నది.

కంపెనీవారి వాదములో బలము లేదని మేమనము. సొమ్ము ముందుగ చెల్లించి, సరుకు కొరకు ఎదురుచూచువాడు కొనువాడే. వస్తువు గుట్టు అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. ఇట్టి బజారులలో చెడ్డ సరుకు మంచి సరుకును వెడలగొట్టునని జార్జి ఏకర్లాఫ్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1970లోనే పాత మోటారుకార్ల బేరమును దృష్టాంతముగ గొని నిరూపించెను. కొన్నవానికి నిర్భయముగ మాటాడు హక్కు లేనిచో బజారంతయు పాడగును. 2008 నాటి మార్పు ఫలితమును క్లైన్, లాంబెర్ట్స్, స్టాల్ అను పండితులు పరిశీలించి 2016లో ప్రకటించిన వ్యాసమున, ఆ మార్పు పిదప కొనుగోలుదారుల తృప్తి హెచ్చినదనియు, విక్రేతలు బజారును వీడి పోవుట మాత్రము హెచ్చలేదనియు, అనగా ఉన్నవారే తమ నడవడిని దిద్దుకొని రనియు తేల్చిరి. ఇది మంచి ఫలితమే. దానిని కాదనుట న్యాయము కాదు.

అయితే లెక్కలు సగటును జూపును. సగటులో చిన్నవాడు కానరాడు. ఏడాదికి పదివేల అభిప్రాయములు పొందు పెద్ద సంస్థకు ఏబది చెడ్డ మాటలు వచ్చినను దాని యోగ్యత నూటికి 99.5గ నిలుచును. ఎనిమిది అభిప్రాయములు మాత్రమే పొందిన గృహస్థునకు ఒక్క చెడ్డ మాట వచ్చినచో వాని యోగ్యత నూటికి 87.5కు పడిపోవును. పెద్దవాడు ఏబదిమారులు తప్పు చేసి యోగ్యుడు. చిన్నవాడు ఒక్కమారు తప్పుచేసి, లేక తప్పు చేయకయే నింద మోసి, అయోగ్యుడు! అంకగణితమున తప్పు లేదు. తప్పెల్ల ఆ గణితమునే ధర్మాసనముగ గూర్చుండబెట్టిన పద్ధతిలో నున్నది. పైగ యీ నిష్పత్తిని గడచిన పండ్రెండు మాసముల అభిప్రాయములనుండి కట్టుదురు గావున, అరుదుగ అమ్మువానికి ఆ యొక్క మచ్చను కడిగికొనుటకు వలసినన్ని మంచి మాటలు ఏడాదిలోపల లభించుట దుర్లభము.

ఈ మచ్చకు వెల యెంత యని యడుగవచ్చును. రెస్నిక్ మొదలగువారు 2006లో ప్రకటించిన పరీక్షలో, పేరుపొందిన విక్రేత యొకడు ఒకే తరగతి పాత తపాలాకార్డులను కొన్నిటిని తన పేరను, కొన్నిటిని క్రొత్త పేర్లతోడను అమ్మి చూచెను. పాతపేరుకు నూటికి 8 వంతులు హెచ్చు వెల పలికెను. క్రొత్తగ వచ్చినవాడు సరుకు మంచిదైనను ఆ మేరకు నష్టపోవుచున్నాడన్న మాట. కబ్రాల్, హోర్తచ్సు అను పండితులు 2010లో ప్రకటించిన పరిశోధనలో, విక్రేతకు మొదటి చెడ్డ అభిప్రాయము వచ్చుటకు ముందు వారమునకు నూటికి 5 వంతుల చొప్పున పెరుగుచుండిన అమ్మకములు, అది వచ్చిన పిదప నూటికి 8 వంతుల చొప్పున తరుగజొచ్చెనని తేలినది. కత్తిపోటు తప్పినను కలముపోటు తప్పదని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

ఇట్టి కలమును ఒక్క పక్షము చేతికే యిచ్చినపుడు దానిని దుర్వినియోగ పరచువారు పుట్టుట సహజము. సరుకు చేరిన పిదప, "సొమ్ములో కొంత వాపసు చేయుదువా, లేక చెడ్డయని వ్రాయుదునా?" యని బెదరించువారు గలరు. అట్టి బెదరింపును కంపెనీ నిబంధనలు నిషేధించుచున్నవి. సొమ్ము చెల్లింపనివాడు వ్రాసిన వ్రాతను తొలగించు నేర్పాటును గలదు. విక్రేత తన సమాధానమును దానిక్రింద వ్రాసికొనవచ్చును. వ్రాతను మార్చుమని కొన్నవానిని కోరవచ్చును. ఇష్టములేనివానిని తన వేలములనుండి నిషేధింపవచ్చును. ఈ రక్షణలను మేము తక్కువ చేసి చూపము. కాని వీని స్వభావమును యోచింపుడు. బెదరింపు వ్రాతమూలకముగ, కంపెనీవారి కంటబడునట్లు జరిగినగాని రుజువు కాదు. తెలివిగలవాడు అట్లు వ్రాయడు. మార్చుమను ప్రార్థన కొన్నవాడు ఒప్పుకొన్నగాని ఫలింపదు. సమాధానము వ్రాసికొన్నను నిష్పత్తి మారదు. చదువువాడు చూచునది నిష్పత్తిని. ఇక నిషేధించుట దొంగ పోయిన పిదప తలుపు మూయుటయే. తపాలావారి ఆలస్యమువలన సరుకు వారము దినములు దారిలో నిలిచినను, నక్షత్రములు తగ్గునది తపాలావారికి కాదు, పంపినవానికి.

దీనికంటె గొప్ప నష్టము మరియొకటి గలదు. దానిని తగినంతగ నెవరును గుర్తింపలేదు. విక్రేత మంచి మాటయే వ్రాయవలయునను నిబంధనచే కొనుగోలుదారునిగూర్చిన సాక్ష్యము నశించినది. వేలములో పాట పెంచి సొమ్ము చెల్లింపక తప్పుకొన్నవానికిని, సరుకు వాడుకొని విరిగినదని త్రిప్పిపంపినవానికిని, సత్యసంధుడైన కొనుగోలుదారునకును పట్టికలో భేదము కానరాదు. పెద్ద సంస్థ యిట్టి నష్టములను వ్యాపార వ్యయములలో వ్రాసికొని వెలలో కలిపివేయును. ఏడాదికి పది వస్తువులమ్ము గృహస్థుడు దేనిలో కలుపును? ముందు నష్టపోయిన విక్రేత తరువాతి విక్రేతను హెచ్చరించు మార్గము మూయబడినది. ఒక పక్షము సాక్ష్యమునకు భయమును తొలగింపబోయి, రెండవ పక్షము సాక్ష్యమునే తొలగించిరి.

న్యాయస్థానములు లేవా యని కొందరందురు. జర్మనీ దేశమున జరిగిన వ్యవహారమే దీనికి సమాధానము. ఒక కొనుగోలుదారుడు ఈబేలో 19 యూరోల 26 సెంట్లకు కొన్ని లోహపు బిగింపు పట్టీలను కొనెను. అందు 4 యూరోల 90 సెంట్లు సరుకు పంపుటకైన ఖర్చు. సరుకు మంచిదేయని చెప్పుచు, పంపుటకు పుచ్చుకొన్నది మాత్రము దోపిడియని అతడు వ్రాసెను. విక్రేత న్యాయస్థానమున కెక్కెను. మొదటి న్యాయస్థానము అభియోగమును త్రోసివేసెను. పై న్యాయస్థానము వ్రాతను తొలగింపుమనెను. కడకు 2022 సెప్టెంబరు 28వ తేదీన ఆ దేశపు అత్యున్నత సివిల్ న్యాయస్థానము, అది కటువైనను అభిప్రాయమే యనియు, విక్రేతను అవమానించుటయే పనిగ బెట్టుకొన్న దూషణ కాదనియు, దానిని సహింపవలసినదే యనియు తీర్పు చెప్పెను. వాక్స్వాతంత్ర్యమును ప్రాణప్రదముగ నెంచు మేము ఆ తీర్పును తప్పుపట్టము. కాని పంతొమ్మిది యూరోల సరుకు కొరకు మూడు న్యాయస్థానముల మెట్లెక్కు శక్తి యే గృహస్థునకు గలదు? చట్టము అభిప్రాయమును కాపాడుట ధర్మమే. కనుకనే అభిప్రాయమునకు పట్టిక కట్టి, దానిని తూనికరాయిగ మార్చినవారిమీద బాధ్యత హెచ్చవలసియున్నది.

శాసనకర్తలు దీనిని గుర్తించినట్లు కొంత కన్పట్టుచున్నది గాని, వారి చూపు చిన్నవానిపై ఆలస్యముగ పడినది. ఐరోపా సమాఖ్య 2019లో చేసిన యొక శాసనము 2020 జులైనుండి అమలునకు వచ్చినది. దానిప్రకారము బజారు యజమానులు వర్తకుని ఖాతాను నిలిపివేయునపుడు కారణములు తెలుపవలయును, ఫిర్యాదు నాలకింపవలయును. కాని ఆ రక్షణ వ్యాపారులకే. సొంత వస్తువు నమ్ము గృహస్థునకు కాదు. 2022 నాటి డిజిటల్ సేవల శాసనము 2024 ఫిబ్రవరి 17నుండి పూర్తిగ అమలగుటతో, వ్యాపారియైనను కాకున్నను, చర్యకు గురియైన వాడుకదారునకు కారణములు తెలిసికొను హక్కును ఫిర్యాదు హక్కును కలిగినవి. ఇది మేలైన యడుగే. అయినను అది కంపెనీ చేయు చర్యకు వర్తించినంతగ, పట్టికను కట్టు రీతికి వర్తింపదు.

మన దేశపు స్థితి యెట్లున్నది? ఈబే 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని యిచట బజారు పెట్టెను. 2017లో ఆ వ్యాపారము ఫ్లిప్‌కార్టువారి వశమైనది. 2018 ఆగస్టులో ఆ బజారు మూతబడెను. ఆ పేరు పోయినను ఆ పద్ధతి పోలేదు. నక్షత్రములు లెక్కింపక మనవారు నేడు వస్తువును కొనుటలేదు, బాడుగబండి నెక్కుటలేదు, పూటకూటినుండి అన్నము తెప్పించుకొనుటలేదు. 2020లో మన ప్రభుత్వము ప్రకటించిన ఈ-కామర్సు నిబంధనలు, క్రమముగ వ్యాపారము చేయక సొంత హోదాలో వ్యవహరించు వ్యక్తికి వర్తింపవని స్పష్టముగ చెప్పుచున్నవి. గృహస్థును వ్యాపారి మోయవలసిన బరువులనుండి తప్పించుట సబబే. కాని బరువు తప్పించుచు, ఆసరాను గూడ తప్పించినట్లైనది. భారతీయ ప్రమాణముల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ అభిప్రాయముల సేకరణ, పరిశీలన, ప్రకటనలకు ఐఎస్ 19000 అను ప్రమాణమును వెలువరించినది. అది బలవంతముగాక స్వచ్ఛందమైన ప్రమాణముగ వెలువడినది. దాని దృష్టియు ముఖ్యముగ దొంగ అభిప్రాయములపై నున్నది. నిజమైన కొనుగోలుదారుడు అన్యాయముగ వ్రాసిన వ్రాతకు గతియేమి యను ప్రశ్న మిగిలియే యున్నది.

చిన్న విక్రేతలు లేనిదే తమ బజారునకు కళ లేదని కంపెనీవారును గ్రహించిరి. జర్మనీలో 2023 మార్చినుండియు, బ్రిటనులో 2024 అక్టోబరునుండియు ఈబేవారు సొంత వస్తువులమ్ము వ్యక్తులకు అమ్మకపు రుసుమును రద్దుచేసిరి. బ్రిటనులో 2025 ఫిబ్రవరినుండి ఆ భారమును రక్షణరుసుము పేర కొనువానిపై మోపిరి. ఇంతకును రుసుము వేరు, న్యాయము వేరు. సంతలో ఆసీలు మాఫీ చేసినంత మాత్రమున తప్పు తూనిక సరియగునా?

ఇట్లని, పాత ప్రతీకారపద్ధతిని మరల తెమ్మని మేము కోరుట లేదు. ఇరువురి అభిప్రాయములను మూసిన కవరులలోవలె దాచియుంచి, ఇరువురును వ్రాసిన పిదపనో గడువు తీరిన పిదపనో ఒక్కసారిగ వెల్లడించినచో, పగ తీర్చుకొనుటకు తావుండదు, సాక్ష్యము నశింపదు. ఇండ్లను అద్దెకిచ్చు 'ఎయిర్‌బిఎన్‌బి' సంస్థవారు 2014లో ఈ పద్ధతినే యవలంబించిరి. బోల్టన్, గ్రైనర్, ఓకెన్‌ఫెల్స్ అను పండితులు 2013లో ప్రకటించిన పరిశోధనయు ఇట్టి మూసిన పద్ధతి ప్రతీకారమును తగ్గించునని సూచించుచున్నది. ఇరువది ముప్పది బేరములకు లోబడిన విక్రేతకు నూటికింతయను నిష్పత్తిని కట్టుట మాని, ఇన్ని మంచివి, ఇన్ని చెడ్డవి యని ఉన్నదున్నట్లు చూపుట రెండవ మార్గము. చదువువాడు ఎనిమిదింటిలో ఒకటియని చూచినపుడు తన వివేకమును ఉపయోగించును, 87.5 అని చూచినపుడు యంత్రముయొక్క తీర్పునకు తలవంచును. తపాలాలోపమును విక్రేత లెక్కనుండి వేరుచేయుట మూడవది. విక్రేత మొరపెట్టుకొన్నపుడు మనుష్యుడైనవాడు చదివి, కారణములతో జవాబిచ్చుట నాల్గవది. ఈ నాలుగింటిలో కొనుగోలుదారుని వాక్స్వాతంత్ర్యమునకు భంగము కలిగించున దొక్కటియు లేదు.

వీనికి ఖర్చగునని కంపెనీవారు చెప్పవచ్చును. నిజమే, ఖర్చగును. కాని ఆ పట్టికలోని నమ్మకము ఎవరి సొత్తు? కొన్నవారును అమ్మినవారును జీతము బత్తెము లేక వ్రాసిన కోట్లకొలది సాక్ష్యములచే అది కూడినది. దానిపై లాభము గడించువాడు దాని శుద్ధికి ఖర్చు పెట్టుట దానము కాదు, ధర్మము. మన ప్రభుత్వమును స్వచ్ఛంద ప్రమాణములతో తృప్తిపడక, అప్పుడప్పుడు అమ్ముకొను వ్యక్తికి కారణము తెలిసికొను హక్కు, మొరపెట్టుకొను హక్కు అను రెండింటినైనను శాసనమున చేర్చవలయును. సంతస్థలము ఎవరిదైనను కావచ్చును. తూనికరాళ్లు మాత్రము ప్రజలయెదుట పరీక్షకు నిలువవలసినదే.